మూడో మనిషి దాకా

2020 డిసెంబరు మొదటివారం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బ్రెయినెర్డ్ అనే చిన్న పట్నం. కారు దిగకుండానే కిటికీ దగ్గర ఆగి తినేవి కొనుక్కెళ్లే డెయిరీ క్వీన్ దుకాణం ఒకటి అక్కడుంది. ఒకాయన తన బిల్లు కట్టి, వెనక కారులో వాళ్ల బిల్లు కూడా తానే ఇస్తానన్నాడు. ఆ వెనకవాళ్లు కిటికీ దగ్గరికి వచ్చేసరికి వాళ్ల డబ్బు ఎవరో కట్టేసి ఉంది. సంతోషించి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. తమ వెనక కారుకు వాళ్లు కట్టారు. ఆ తర్వాతివాళ్లూ అదే పని చేశారు. రెండున్నర రోజులు గడిచేసరికి తొమ్మిది వందలకు పైగా కార్లు ఆ వరసలో చేరాయి. చేతులు మారిన సొమ్ము పది వేల డాలర్లు దాటింది.

తర్వాత ఆగిపోయింది.

వార్త రాసేవాళ్లు తొమ్మిది వందల అంకె దగ్గరే ఆశ్చర్యపడి ముగిస్తారు. శాస్త్రవేత్తలకు మాత్రం అక్కడ రెండు ప్రశ్నలు మిగులుతాయి. ముక్కూ మొహం తెలియని మనిషి చేసిన చిన్న మేలు, అతనికి ముక్కూ మొహం తెలియని ఇంకొకరి దాకా ఎందుకు పాకింది? అంతదూరం పాకింది మళ్లీ ఎందుకు ఆగింది? మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు, జంతువుల నడవడిని గమనించేవాళ్లు యాభై ఏళ్లుగా ఈ రెండింటి వెంటా పడుతున్నారు. వాళ్లకు దొరికిన జవాబు పొద్దున్నే ఫోన్లలోకి వచ్చిపడే సూక్తులంత తియ్యగా లేదు. కానీ వాటికన్నా ఎక్కువ పనికొస్తుంది.

కథ 1972లో ఒక టెలిఫోన్ బూత్‌లో మొదలవుతుంది. ఆలిస్ ఐసెన్, పౌలా లెవిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు శాన్‌ఫ్రాన్సిస్కో, ఫిలడెల్ఫియా నగరాల్లో బజారు బూత్‌లను ప్రయోగశాలలుగా మార్చుకున్నారు. చిల్లర వెనక్కి వచ్చే గూట్లో కొన్నిసార్లు పది సెంట్ల నాణెం ముందే పెట్టి ఉంచేవారు, కొన్నిసార్లు పెట్టేవారు కాదు. ఫోన్ చేసుకుని బయటికి వచ్చే మనిషి ఎదురుగా ఒకామె నడుస్తూ చేతిలో కాగితాల దొంతర జారవిడిచేది. నాణెం దొరికిన 16 మందిలో 14 మంది వంగి కాగితాలు ఏరిపెట్టారు. దొరకని 25 మందిలో ఒక్కరే ఏరారు. పది సెంట్ల సంతోషం మనిషిని ఇంత మార్చేస్తుందా అని అందరూ అబ్బురపడ్డారు. పాఠ్యపుస్తకాలు ఆ అంకెల్ని ఎత్తుకున్నాయి.

అయితే రెండేళ్లకు మరో బృందం అదే ప్రయోగం చేసి చూస్తే ఆ తేడా కనబడలేదు. 1977లో ఇంకో బృందానికీ కనబడలేదు. నలభై మంది మీద చేసిన ప్రయోగం ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని పట్టుకుని మనిషి స్వభావాన్ని తేల్చేయలేం. దయ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. వినడానికి బాగుండే ఫలితాన్ని నమ్మేయాలని మనసు తొందరపెడుతుంది కదా.

ఆ తర్వాత వచ్చిన రుజువులు ఇంతకన్నా గట్టివి. 2020లో టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, సాయం చేస్తున్నవాళ్లను చూసినప్పుడు చూసినవాళ్లు ఏం చేస్తారన్న ప్రశ్న మీద అప్పటిదాకా వచ్చిన 88 పరిశోధనల్ని ఒక్కచోట పోగేసి లెక్క కట్టారు. అన్నిట్లో కలిపి పాతిక వేల మందికి పైగా పాల్గొన్నారు. ఇతరుల మంచిపని కళ్లారా చూసినవాళ్లు తామూ సాయానికి ముందుకొస్తారని ఆ లెక్కలో తేలింది. ప్రభావం మరీ పెద్దది కాదు, కొట్టిపారేసేంత చిన్నదీ కాదు, మధ్యస్థంగా ఉంది. చూసిన పనినే అచ్చంగా చేయడం కూడా కాదు. ఒకరకం సాయం చూసినవాళ్లు వేరే రకం సాయానికి పూనుకున్నారు.

ఈ పాకడం ఎంతమంది దాకా వెళ్తుంది? దాన్ని కొలవడానికి ప్రయత్నించినవాళ్లు జేమ్స్ ఫౌలర్, నికలస్ క్రిస్టాకిస్. 2010లో వాళ్లు ఎంచుకున్నది స్విట్జర్లాండులో ఇద్దరు ఆర్థికవేత్తలు అంతకుముందే ఆడించి ఉంచిన ఒక డబ్బు ఆట. నలుగురిని ఒక జట్టుగా కూర్చోబెట్టి తలా కొంత సొమ్మిస్తారు. అందులో ఎవరికి వాళ్లు కొంత ఉంచుకోవచ్చు, కొంత ఉమ్మడి నిధిలో వేయవచ్చు. నిధిలో పడ్డ ప్రతి రూపాయికీ కొంత కలిపి నలుగురికీ సమానంగా పంచుతారు. అందరూ వేస్తే అందరికీ లాభం. కానీ ఒక్కడు మాత్రం వేయకుండా మిగతావాళ్లు వేస్తే ఆ ఒక్కడికి ఇంకా ఎక్కువ లాభం. ఒక ఆట అయ్యాక జట్లు చెదిరిపోతాయి. ఒకసారి కలిసినవాళ్లు మళ్లీ కలవరు, ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. మంచివాడిననిపించుకోవడానికీ, మేలుకు మేలు రాబట్టుకోవడానికీ అక్కడ వీలే లేదు.

అయినా మేలు పాకింది. మొదటి ఆటలో ఒకరు కాస్త ఎక్కువ వేస్తే, ఆ జట్టులో ఉన్నవాళ్లు రెండో ఆటలో కొత్త మనుషుల మధ్య కాస్త ఎక్కువ వేశారు. ఆ కొత్తవాళ్లు మూడో ఆటలో మరికొందరి మధ్య ఎక్కువ వేశారు. అడుగడుక్కీ ఆ పెరుగుదల పలచబడుతూ వచ్చినా మూడో మనిషి దాకా లెక్కకు అందింది. మొదటివాడు అదనంగా వేసిన ఒక్క రూపాయికి ఆట పూర్తయ్యేసరికి ఇతరులు వేసినవన్నీ కలిస్తే దాదాపు మూడింతలైంది. ఆ మూడో మనిషి మొదటివాణ్ని ఎన్నడూ చూడలేదు.

ఫౌలర్, క్రిస్టాకిస్ స్థూలకాయం, సంతోషం కూడా స్నేహితుల మధ్య అంటుకుంటాయని వేరే చోట్ల చెప్పినప్పుడు గట్టి విమర్శలు వచ్చాయి. ఒకేరకం మనుషులే స్నేహితులవుతారు కాబట్టి అంటుకున్నదేదో, ముందునుంచీ ఉన్నదేదో విడదీయలేమన్నది ఆ విమర్శ. అది సబబైన మాటే. ఈ డబ్బు ఆటకు మాత్రం ఆ విమర్శ తగలదు. ఇక్కడ జట్లు కట్టింది స్నేహం కాదు, పరిశోధకులే అటూ ఇటూ కలిపి వేశారు. దీని పరిమితి వేరే ఉంది. గదిలో కూర్చుని, ఇచ్చిన డబ్బుతో ఆడిన ఆట ఇది. బజారులో మనిషి ఇలాగే ఉంటాడని దీన్నిబట్టి చెప్పలేం.

ఎవరో చేసిన మేలును ఇంకెవరికో తిప్పి చేయడానికి పెద్ద ఆలోచన ఏమీ అక్కర్లేదని స్విట్జర్లాండులోనే బెర్న్ విశ్వవిద్యాలయంలో ఎలుకలు చూపించాయి. క్లాడియా రుట్టె, మైకేల్ టాబోర్స్కీ 2007లో ప్రకటించిన ప్రయోగం అది. పుల్ల లాగితే పక్క గదిలోని ఎలుక ముందుకు తిండి జరిగి వస్తుంది. లాగిన ఎలుకకు ఏమీ రాదు. ఎన్నడూ చూడని ఎలుకల చేత ఇలా తిండి పెట్టించుకున్న ఎలుకలు, తర్వాత మరో కొత్త ఎలుకకు సాయం చేయడంలో, సాయం అందని ఎలుకలకన్నా దాదాపు 20 శాతం ముందున్నాయి. తనకు పెట్టింది ఎవరు, తాను పెడుతున్నది ఎవరికి అన్న పద్దు ఏదీ ఎలుక రాసుకోనక్కర్లేదు. 'ఈ మధ్య నాకు మంచి జరిగింది' అన్నంత గుర్తు చాలు. తనకు పెట్టిన ఎలుకే ఎదురైతే సాయం ఇంకా పెరిగిందన్నది నిజమే. కానీ అది లేకుండా కూడా కొంత సాయం కదిలింది.

మనిషిలో ఈ కదలిక ఒంటికే తెలుస్తుంది. ఎవరైనా నిస్వార్థంగా చేసిన పని చూస్తే ఛాతీలో వెచ్చదనం, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం, కళ్లు చెమర్చడం, తానూ ఏదైనా చేయాలనిపించడం చాలామంది చెప్పే అనుభవం. ఈ అనుభవాన్ని శాస్త్రం ముందుకు తెచ్చి పరిశీలించిన జొనాథన్ హైట్, తన విద్యార్థితో కలిసి 2008లో అరుదైన ప్రయోగం ఒకటి ప్రకటించాడు. పాలిచ్చే తల్లులు 45 మందిని బిడ్డలతో సహా పిలిచారు. కొందరికి, తనను చెడుదారి నుంచి తప్పించిన గురువుకు ఒక సంగీతకారుడు కృతజ్ఞతలు చెప్పే టీవీ కార్యక్రమం చూపించారు. కొందరికి హాస్య కార్యక్రమం వేశారు. మొదటి జట్టు తల్లుల్లో దాదాపు సగం మందికి పాలు చేపుకొచ్చాయి, లేదా వాళ్లు బిడ్డకు పాలిచ్చారు. నవ్వుకున్న జట్టులో అలాంటివాళ్లు చాలా తక్కువ. 2010లో సిమోన్ ష్నాల్ బృందం అలాంటి కార్యక్రమమే చూపించి, చివర్లో విసుగు పుట్టించే లెక్కల పనిలో సాయం చేస్తారా అని అడిగింది. కదిలిపోయినవాళ్లు, హాస్యం చూసినవాళ్లకు దాదాపు రెట్టింపు సేపు కూర్చుని చేశారు. పరాయి మనిషి మంచితనం చూస్తే ఒంట్లో పాలు కదలడం అన్నది కొట్టిపారేయదగ్గ సంగతి కాదు. ఈ స్పందన బుద్ధికన్నా ఎంతో లోతు నుంచి వస్తోంది.

ప్రయోగశాల దాటి, నిజంగా పనిచేసే ఆఫీసులో ఏమవుతుంది? స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో కోకాకోలా కార్యాలయం ఉద్యోగులు 111 మంది మీద నాలుగు వారాలు సాగిన పరిశీలన 2018లో అచ్చయింది. అందులో 19 మందికి రహస్యంగా ఒక పని అప్పగించారు. ఇచ్చిన జాబితాలోని తోటి ఉద్యోగులకు వారం వారం చిన్న చిన్న మేళ్లు చేయాలి. కాఫీ తెచ్చిపెట్టడం, బాగా చేశావని మెయిలు రాయడం, అలాంటివే. అందుకున్నవాళ్లకు ఇదంతా ప్రయోగంలో భాగమని తెలియదు. నెల తిరిగేసరికి అందుకున్నవాళ్లు తమ వంతుగా ఇతరులకు చేసిన మేళ్లు, ఈ జాబితాలో లేనివాళ్లు చేసినవాటికన్నా 278 శాతం ఎక్కువగా తేలాయి. చేసినవాళ్లలో దిగులు తగ్గి, ఉద్యోగం మీద తృప్తి పెరిగింది. పక్క బల్ల నుంచి వచ్చిన కాఫీ ఇంత పని చేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఆగిపోవడం సంగతి?

పాకేది మంచి ఒక్కటే కాదు. 2014లో కర్ట్ గ్రే, ఏడ్రియన్ వార్డ్, మైకేల్ నార్టన్ చేసిన ప్రయోగాల్లో ఇది కళ్లకు కట్టింది. ఆరు డాలర్లలో నీకు ముందున్న మనిషి నీకింత వదిలాడని చెబుతారు. కొందరికి మొత్తం, కొందరికి సగం, కొందరికి సున్నా. తర్వాత చేతికి మరో ఆరు డాలర్లిచ్చి, నీ తర్వాతి మనిషికి ఎంత వదులుతావని అడుగుతారు. సగం అందినవాళ్లు సగానికి అటూ ఇటూగా వదిలారు. సున్నా అందినవాళ్లు చాలా తక్కువ వదిలారు. మొత్తం అందినవాళ్లు మాత్రం మొత్తం వదల్లేదు, సగం అందినవాళ్లలాగే ప్రవర్తించారు. అంటే ఉదారత అడుగు వేసేసరికే తగ్గిపోతుంది. స్వార్థం దాదాపు అదే బలంతో ముందుకు పోతుంది. తనకు అన్యాయం జరిగిందన్న మంట, తనకు మేలు జరిగిందన్న హాయికన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. బస్సులో మాట పడ్డవాడు ఇంటికొచ్చి పిల్లల్ని కసురుకోవడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే.

రెండో అడ్డంకి మరీ విచిత్రమైనది. సాయం బాగా ఎక్కువగా జరుగుతుంటే అదే సాయాన్ని ఆపుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మిలేనా త్స్వెత్కోవా, మైకేల్ మేసీ 2014లో ఇంటర్నెట్ మీద ఆడించిన ఆటలో, తాము సాయం పొందినవాళ్లు ఇతరులకు చేయడానికి ముందుకొచ్చారు. ఇతరులు చేయడాన్ని చూసినవాళ్లు కూడా ముందుకొచ్చారు, కానీ ఒక హద్దు దాకానే. చాలామంది చేస్తున్నారని కనబడగానే, ఇక తన అవసరమేముందని వెనక్కి తగ్గారు. సాయాన్ని స్వయంగా అందుకున్నవాడికి ఆ సాకు దొరకదు. దూరం నుంచి చూసినవాడికి దొరుకుతుంది. ఈ తేడాకు ఉన్న విలువ ఇంకా సరిగ్గా గుర్తింపుకు రాలేదనిపిస్తుంది. దానధర్మాల ఫొటోలు, వీడియోలు లక్షల మందికి చేరే ఈ రోజుల్లో చూపరులు పెరుగుతున్నారు, అందుకునేవాళ్లు ఆ మేరకు పెరగడం లేదు.

మూడోది, ఇచ్చేవాడి అంచనా. ఎండవేళ ఎవరికో మంచినీళ్లివ్వాలనిపించి కూడా, ఏమనుకుంటారోనని ఆగిపోవడం మామూలే. ఈ సంకోచాన్ని అమిత్ కుమార్, నికలస్ ఎప్లీ షికాగోలో కొలిచారు. చలికాలంలో ఒక పార్కులోని మంచు స్కేటింగ్ మైదానం దగ్గర 84 మందికి తలా ఒక హాట్ చాక్లెట్ ఇచ్చి, కావాలంటే మీరే తాగండి, లేదా ఇక్కడున్న ఎవరికైనా ఇప్పించండి అన్నారు. 75 మంది ఇప్పించారు. అందుకునేవాళ్లకు అది ఎంత పెద్దదిగా తోస్తుంది, ఎంత సంతోషమిస్తుంది అని అడిగితే ఇచ్చినవాళ్లు చెప్పిన అంకె, అందుకున్నవాళ్లు చెప్పిన అంకెకన్నా తక్కువ. ఇచ్చేవాడి దృష్టి వస్తువు మీద ఉంటుంది. అందుకునేవాడు దాంతోపాటు వచ్చిన ఆప్యాయతను కూడా లెక్కలో వేసుకుంటాడు. అదే పరిశోధనలో భాగంగా కొందరికి చిన్న కేకు ఒకరి చేతి మీదుగా ఇప్పించి, ఆపైన డబ్బు పంచే ఆట ఆడిస్తే, కేకు ఇంకొకరి మంచితనంగా అందినవాళ్లు ముక్కూ మొహం తెలియని మనిషికి ఎక్కువ వదిలారు. తన దయ రెండో మనిషిని ఎంత కదిలిస్తుందో సరిగా అంచనా కట్టలేనివాడు, మూడో మనిషి దాకా అది వెళ్తుందని అసలు ఊహించడు. ఊహించనిదాని కోసం అడుగు ముందుకు పడదు.

మేలు ఇలా పాకడాన్ని గణితంలో పెట్టి చూసినవాళ్లు మార్టిన్ నోవాక్, సెబాస్టియన్ రోక్. ఎవరో నాకు చేశారు కాబట్టి నేను ఇంకెవరికో చేస్తాననే గుణం, జీవ పరిణామంలో తనంతట తాను నిలబడగలదా అన్నది 2007లో వాళ్లు వేసుకున్న ప్రశ్న. ఒంటరిగా నిలబడలేదని జవాబొచ్చింది. తీసుకుని ఇవ్వనివాళ్లు ముందుకు పోతారు, ఇచ్చేవాళ్లు అరిగిపోతారు. అయితే మనుషులు మళ్లీ మళ్లీ కలుసుకునే చోట, ఇరుగుపొరుగుగా స్థిరంగా ఉండే చోట, చేసినవాడికి తిరిగి చేసే అలవాటు ముందే ఉన్న చోట, దాన్ని ఆసరా చేసుకుని ఈ గుణం కూడా బతుకుతుంది.

అలాంటి ఆసరా తెలుగు ఊళ్లలో ఒకప్పుడు గట్టిగానే ఉండేది. పొరుగూరు నుంచి చదువుకోవడానికి వచ్చిన పేద కుర్రాడు సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో, అలా వారానికి ఏడిళ్లలో తిని చదువు సాగించేవాడు. వారాలు చేసుకుని చదువుకున్నామని చెప్పుకున్న పెద్దలు పోయిన తరంలో ఎంతోమంది. అన్నం పెట్టిన ఇల్లాలికి ఆ కుర్రాడు తిరిగి ఏమీ ఇచ్చుకోలేడు. ఉద్యోగం వచ్చాక తన ఇంట్లో ఇంకో కుర్రాడికి వారం ఇస్తాడు. ఫౌలర్, క్రిస్టాకిస్ ఆటలో కనబడిన వరసే ఇది, తరాల మీదుగా నడిచింది. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి బిడ్డల్ని పెంచిన తల్లి కొడుకు టంగుటూరి ప్రకాశం. ఇమ్మానేని హనుమంతరావు నాయుడనే ఉపాధ్యాయుడు చేరదీసి రాజమండ్రికి వెంటబెట్టుకెళ్లడం వల్లే ఆయన చదువు ముందుకు సాగింది. ఆ కుర్రాడు బారిస్టరై, మద్రాసులో గడించినదంతా స్వాతంత్ర్యోద్యమానికి ధారపోసి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు.

అయితే ఒక నిజం దాచకూడదు. వారాలిచ్చిన ఇళ్లు చాలామటుకు తమ కులం పిల్లలకే ఇచ్చాయి. ఆ తర్వాత వచ్చిన విద్యార్థి వసతి గృహాల్లో కూడా ఎన్నో కులం పేరు మీద పుట్టినవే. మేలు ముందుకు నడిచింది, కానీ కంచె లోపలే నడిచింది. ఎవరు ఎవరికి ఎదురుపడాలో ముందే తేలిపోయిన సమాజంలో మూడో మనిషి ఎవరో కూడా ముందే తేలిపోయి ఉంటాడు. దయ పాకుతుందన్న మాట నిజమైతే, అది ఏ దారిన పాకడానికి వీలుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఆ దారి మనుషులు వేసేది.

కోనసీమలోని లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టిన డొక్కా సీతమ్మ 1909లో కన్నుమూశారు. ఆమె చేతి అన్నం తిన్నవాళ్లు ఆమె ఇంటి గుమ్మం దాకా రాగలిగినవాళ్లు. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడులకొచ్చిన ప్రతి బిడ్డకూ వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాక, అన్ని కులాల పిల్లలూ ఒకే బంతిలో కూర్చునే చోటు ఊరూరా వచ్చింది. ఆ మధ్యాహ్న భోజన పథకానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో సీతమ్మ పేరు పెట్టింది. ఒక మనిషి స్వభావం మంచిదైనంత మాత్రాన చేరుకోలేని దూరానికి ఒక ఏర్పాటు తీసుకెళ్లిన ఉదాహరణ ఇది.

ఇటలీలోని నేపుల్స్ నగరంలో కాఫీ కొట్టుకు వచ్చినవాళ్లు కొందరు రెండు కాఫీలకు డబ్బిచ్చి ఒకటే తాగిపోతారు. రెండోది తర్వాత వచ్చే లేనివాళ్లకు. ఇదీ ఏర్పాటే. ఇచ్చినవాడు, తాగినవాడు ఒకరికొకరు కనబడరు. మధ్యలో కొట్టువాడి లెక్క, నమ్మకం ఉంటాయి.

ఏర్పాటు ఎంత దూరం మోసుకెళ్లగలదో కిడ్నీ మార్పిడి చెప్పినంత బాగా మరేదీ చెప్పలేదు. భర్తకు కిడ్నీ ఇవ్వడానికి భార్య సిద్ధంగా ఉంటుంది. రక్తం గ్రూపు కుదరదు. ఇలాంటి జంటలే ఎన్నో. ఈ భార్య కిడ్నీ ఆ ఇంటి రోగికి, ఆ ఇంటివాళ్ల కిడ్నీ ఈ భర్తకు ఇస్తే ఇద్దరూ బతుకుతారు. కిడ్నీ ఇస్తామన్న మాటను చట్టబద్ధమైన ఒప్పందంగా రాయించుకోవడం కుదరదు కాబట్టి, ఒకరు మాట తప్పుతారేమోనని ఆపరేషన్లన్నీ ఒకే సమయంలో చేసేవారు. అలా చేస్తే ఆపరేషన్ గదులు ఎన్నున్నాయో గొలుసు అంతే. 2007లో అమెరికాలో మైకేల్ రీస్ అనే వైద్యుడి బృందం ఆ నియమాన్ని సడలించింది. ఏమీ ఆశించని ఒక అపరిచితుడు ముందుగా ఒక కిడ్నీ ఇస్తాడు. దాన్ని అందుకున్న రోగి తాలూకు మనిషి, తనవాళ్లకు ఎలాగూ అందింది కాబట్టి, కొన్ని వారాలాగి ఇంకో రోగికి ఇస్తారు. ఎనిమిది నెలల్లో పది మార్పిడులు జరిగాయి. ఎవరికి ఎవరు సరిపోతారో తేల్చే గణితంలో పాలుపంచుకున్న ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

2011లో ఇంకా పొడవైన గొలుసు ఒకటి నడిచింది. కాలిఫోర్నియాలో ఒకతను యోగా కేంద్రానికి వెళ్తే, అక్కడి గుమాస్తా తాను ఈమధ్యే ఒక స్నేహితుడికి కిడ్నీ ఇచ్చానని మాటల మధ్యలో చెప్పింది. ఆ మాట అతనిలో నాటుకుంది. ఆగస్టులో అతని కిడ్నీ విమానంలో ఖండం దాటి న్యూజెర్సీలోని 66 ఏళ్ల మనిషికి చేరింది. ఆ పెద్దాయనకు ఇవ్వబోయి గ్రూపు కుదరక ఆగిన మేనకోడలు, నర్సు, తన కిడ్నీని విస్కాన్సిన్‌లోని ఒకామెకు పంపింది. ఆమె తరఫున ఇవ్వడానికి ముందుకొచ్చింది, గొడవపడి విడిపోయిన ఆమె పాత ప్రియుడు. అతని కిడ్నీ పిట్స్‌బర్గ్‌కు, అక్కడి రోగి భర్త కిడ్నీ శాన్‌డియాగోకు. నాలుగు నెలల్లో 11 రాష్ట్రాల్లోని 17 ఆస్పత్రుల మీదుగా 30 మంది ఇచ్చారు, 30 మంది అందుకున్నారు. డిసెంబరులో షికాగో దగ్గర, తరఫున ఇచ్చేవాళ్లెవరూ లేని ఒక రోగికి చివరి కిడ్నీ అమర్చడంతో గొలుసు పూర్తయింది.

తనవాళ్లకు కిడ్నీ అందాక ఎవరు మాత్రం కత్తి కింద పడుకుంటారని అనుమానించేవాళ్లకు 2017లో వచ్చిన లెక్క జవాబు చెప్పింది. అమెరికాలో ఒక పెద్ద నమోదు సంస్థ నడిపిన 344 గొలుసుల్ని పరిశీలిస్తే మధ్యలో తెగినవి 20. అందులో ఇస్తానన్న మనిషి మనసు మార్చుకున్నందువల్ల తెగినవి ఆరే. మిగతావాటికి వైద్య కారణాలు, తదితరాలు. ఏ చట్టం బలవంతపెట్టకుండా, ఏ ముఖం ఎదురుగా నిలబడకుండా ఇంతమంది మాట మీద నిలబడ్డారు. డబ్బు ఆటలో అడుగడుక్కీ పలచబడిన ఉదారత ఇక్కడ పలచబడలేదు. అందుకున్నది కొండంత మేలు కావడం ఒక కారణం. తర్వాతి రోగి పేరు, తేదీ, ఆస్పత్రి, వైద్యులు అన్నీ సిద్ధంగా ఉండి, చేయాల్సిన పని ఎదుటే కనబడుతుండటం రెండో కారణం. హాట్ చాక్లెట్ అందుకున్న మనిషికి ఆ సదుపాయం ఉండదు. ఎవరికి చేయాలి, ఎలా చేయాలి అనుకునేలోపే ఆ కదలిక చల్లారిపోతుంది.

భారతదేశంలో ఈ దారి సగం వేసి ఉంది. అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 2011 సవరణతో, రక్తం గ్రూపు కుదరని రెండు కుటుంబాలు దగ్గరి బంధువుల కిడ్నీలను ఒకరికొకరు మార్చుకోవడానికి అనుమతి దొరికింది. దగ్గరి బంధువుల జాబితాలో తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు, మనవరాళ్లు కూడా చేరారు. బంధువు కాని మనిషి ఇవ్వాలంటే మాత్రం ప్రభుత్వం నియమించిన కమిటీ లోతుగా విచారించి ఒప్పుకోవాలి. ఈ కట్టుదిట్టం ఊరికే పెట్టింది కాదు. అప్పుల్లో మునిగి కిడ్నీలు అమ్ముకున్న పేదల కథలు తెలుగు పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. కాబట్టి అపరిచితుడు మొదలుపెట్టే పొడవాటి గొలుసు ఇక్కడ అంత తేలిక కాదు. మరణానంతర దానానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ ఏర్పడి, 2013లో ఎవరి వంతు ముందో తేల్చే ఉమ్మడి జాబితాను నడపడం మొదలుపెట్టింది.

బతికున్న జంటల మార్పిడికి కూడా అలాంటి ఉమ్మడి జాబితాయే కీలకం. పది జంటల పేర్లున్న ఒక ఆస్పత్రిలో, ఎవరికి ఎవరు కుదురుతారో పోల్చి చూడటానికి 45 జోడీలు దొరుకుతాయి. అలాంటి ఆస్పత్రులు పది ఉండి, ఎవరి జాబితా వాళ్ల దగ్గరే ఉంచుకుంటే మొత్తం 450. అవే నూరు జంటల పేర్లు ఒకే జాబితాలో చేరిస్తే 4,950.